వేగస్ నాడిని తట్టి లేపితే తీరని నీరసం తగ్గుతుందా?

తిరుపతిలో ఉంటున్న మా వదిన ఒకప్పుడు ఏటా రెండు మూడుసార్లు అలిపిరి నుంచి నడిచి కొండెక్కేది. 3,550 మెట్లు, సుమారు తొమ్మిది కిలోమీటర్ల దారి. మోకాళ్ల పర్వతం దగ్గర అందరూ కూలబడి ఆయాసపడుతుంటే ఆమె పిల్లల చేతులు పట్టుకుని ముందుకు సాగిపోయేది. 2021 మే నెలలో ఆమెకు కోవిడ్ వచ్చి తగ్గింది. జ్వరం పోయింది, దగ్గు పోయింది, నీరసం మాత్రం ఉండిపోయింది. ఇప్పుడు మేడ మీద బట్టలు ఆరేసి వస్తే మరుసటి రోజు మంచం దిగలేదు. రక్తపరీక్షలు, థైరాయిడ్, గుండె స్కానింగ్ అన్నీ మామూలుగానే ఉన్నాయి. ఒక వైద్యుడు నరాల బలహీనత అన్నారు. ఇంకొకరు మనసు దిటవు చేసుకోమన్నారు. వీధి చివరి ఆర్‌ఎంపీ సెలైన్ ఎక్కించి, బీ కాంప్లెక్స్ ఇంజెక్షన్ పొడిచి పంపించాడు.

ఈ మధ్య ఆమె తన ఫోనులో ఒక వీడియో చూపించింది. చెవికి చిన్న క్లిప్పు తగిలించుకుని, దాని తీగను అరచేతిలో పట్టేంత పెట్టెకు కలిపి కూర్చున్న ఒక మనిషి, తన నీరసం దీనితోనే తగ్గిందని చెబుతున్నాడు. వేగస్ నాడిని విద్యుత్తుతో ఉత్తేజపరిచే పరికరమట. "ఇది నిజమేనా? కొనమంటావా?" అని అడిగింది. అవునని గాని కాదని గాని ఒక్క మాటలో చెప్పలేకపోయాను. ఆ జబ్బు ఏమిటి, ఆ నాడి ఏమిటి, ఈ రెంటికీ సంబంధం ఉందని ఎవరు ఎందుకు అంటున్నారు అన్నది విడదీసి చూస్తే తప్ప ఆ ప్రశ్నకు సమాధానం మొదలే కాదు.

అలసట అనే మాట సరిపోని జబ్బు

వైద్యులు దీన్ని మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్ అనీ, క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ అనీ పిలుస్తారు. రెండు పేర్లూ కలిపి క్లుప్తంగా ఎంఈ-సీఎఫ్‌ఎస్ అంటారు. కోవిడ్ తర్వాత నెలల తరబడి కోలుకోని వారిలో కొందరికి సరిగ్గా ఇవే లక్షణాలు కనిపిస్తున్నాయి. జబ్బు మాత్రం కోవిడ్ కంటే చాలా పాతది. 1955లో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆస్పత్రిలో దాదాపు 300 మంది, ఎక్కువగా సిబ్బందే, ఒక్కసారిగా జబ్బుపడ్డారు. ఆ మరుసటి ఏడాది ఒక వైద్య పత్రిక మొదటి పేరు పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1969లోనే దీన్ని నాడీ వ్యవస్థ జబ్బుల జాబితాలో చేర్చింది. రెండో పేరు 1988లో అమెరికాలో పుట్టింది. ఆ పేరు రోగులకు చేసిన చెరుపు తక్కువ కాదు. 'ఫటీగ్' అనగానే వినేవారు "మాకు మాత్రం అలసట ఉండదా" అంటారు.

అసలు తేడా అలసట ఎంత ఉందన్నదాంట్లో లేదు, అది వచ్చే తీరులో ఉంది. మామూలు మనిషి కష్టపడితే అలసిపోతాడు, నిద్రపోతే తేరుకుంటాడు. ఈ జబ్బులో శ్రమకు జవాబు ఆలస్యంగా వస్తుంది, శ్రమకు మించి వస్తుంది. మా వదిన విషయమే చూడండి. ఒక శుక్రవారం తిరుచానూరులో బంధువుల పెళ్లికి వెళ్లి మూడు గంటలు కూర్చుని వచ్చింది. ఆ రాత్రి బాగానే ఉంది. శనివారం మధ్యాహ్నం వరకూ బాగానే ఉంది. సాయంత్రానికి గొంతు నొప్పి, ఒళ్లంతా పుండులా నొప్పులు, వెలుతురు భరించలేకపోవడం, మాట వెతుక్కోవడం మొదలయ్యాయి. బుధవారం దాకా లేవలేకపోయింది. చూసినవారెవరికీ ఆ పెళ్లికీ ఈ మంచానికీ సంబంధం ఉందని తట్టలేదు. దీన్ని శ్రమానంతర క్షీణత అనవచ్చు. శరీర శ్రమే కానక్కర్లేదు, గంటసేపు లెక్కలు రాయడం కూడా అందుకు చాలు.

2015లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నివేదిక ఈ క్షీణతనే జబ్బుకు కీలక లక్షణంగా నిర్ధారించింది. ఆరు నెలలకు పైగా పనిచేసే శక్తి బాగా తగ్గిపోవడం, శ్రమ తర్వాతి క్షీణత, నిద్రపోయినా తేరుకోలేకపోవడం ఉండాలి. వీటితో పాటు ఆలోచన మందగించడమో, నిలబడితే లక్షణాలు పెరగడమో ఉండాలి. ఈ జబ్బును తేల్చే రక్తపరీక్ష గాని స్కానింగ్ గాని ఇప్పటికీ లేదు. అమెరికాలో 8,36,000 నుంచి 25 లక్షల మందికి ఇది ఉండవచ్చని, వారిలో 84 నుంచి 91 శాతం మందికి జబ్బు పేరే తెలియదని ఆ నివేదిక అంచనా వేసింది. మన దగ్గర "నరాల బలహీనత" అనే మాట కింద ఎందరు కప్పబడి ఉన్నారో ఆలోచిస్తే నాకు గుండె బరువెక్కుతుంది.

దేశదిమ్మరి నాడి

ముందు ఒక మాట గురించి చెప్పుకోవాలి. తెలుగులో నాడి చూడటం అంటే మణికట్టు దగ్గర రక్తనాళం కొట్టుకోవడాన్ని చూడటం. ఇక్కడ నాడి అంటే అది కాదు, మెదడుకూ అవయవాలకూ మధ్య కబుర్లు మోసే నరం. మెదడు నుంచి నేరుగా బయలుదేరే పన్నెండు జతల కపాల నాడుల్లో పదోది వేగస్. లాటిన్‌లో ఆ మాటకు తిరుగాడేది అని అర్థం. పేరుకు తగ్గట్టే అది మెడలో పెద్ద రక్తనాళాల పక్కగా దిగి, గొంతు, ఊపిరితిత్తులు, గుండె, జీర్ణాశయం, పేగుల దాకా తిరుగుతుంది.

ఇది గుండెను నెమ్మదింపజేస్తుందని పాతకాలం నుంచే తెలుసు. ఎలా చేస్తుందో 1921లో ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త చూపించాడు. రెండు కప్పల గుండెలు తీసుకుని, మొదటిదాని వేగస్‌కు విద్యుత్తు ఇచ్చాడు. అది నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని రెండో గుండె మీద పోస్తే, ఏ నాడీ తగలకుండానే అదీ నెమ్మదించింది. నాడి తన చివర ఒక రసాయనాన్ని వదులుతోందన్నమాట. 1936లో ఆయనకు నోబెల్ బహుమతి దక్కింది.

మన కథకు అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. వేగస్ అంటే మెదడు అవయవాలకు ఆజ్ఞలు పంపే తీగ అని చాలామంది అనుకుంటారు. నిజానికి అందులోని పోగుల్లో సుమారు 80 శాతం అవయవాల నుంచి మెదడుకు కబుర్లు తీసుకెళ్లేవే. కిందికి ఆజ్ఞలు తెచ్చేవి మిగిలిన కొద్ది మాత్రమే. తిరుపతివాళ్లకు దీన్ని చెప్పడం తేలిక. తిరుమలకు రెండు ఘాట్ రోడ్లున్నాయి. 1944 నాటి పాత రోడ్డులో దిగుతాం, 1974 నాటి కొత్త రోడ్డులో ఎక్కుతాం. వేగస్‌లోనూ ఎక్కే దారి, దిగే దారి వేరువేరు. కాకపోతే కొండకు ఉన్నట్టు దూరదూరంగా కాదు, రెండూ ఒకే కట్టలో పెనవేసుకుని ఉంటాయి. ఎక్కే దారిలో రద్దీ నాలుగు రెట్లు ఎక్కువ. ఈ పోలికను గుర్తుంచుకోండి, అసలు చిక్కు ఇక్కడే వస్తుంది.

మెడలోని మిషను, చెవిలోని క్లిప్పు

వేగస్‌కు విద్యుత్తు ఇవ్వడం నిన్నమొన్నటి ఆలోచన కాదు. మూర్ఛ రోగికి ఇలాంటి పరికరాన్ని మొదటిసారి 1988లో అమర్చారు. మందులకు లొంగని మూర్ఛకు 1997లో, మందులకు లొంగని కుంగుబాటుకు 2005లో, పక్షవాతం తర్వాత చేతి కదలికలు తిరిగి నేర్పడానికి 2021లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతిచ్చింది. 2025లో రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతానికి కూడా ఒక పరికరాన్ని ఆమోదించింది. ఆ ఏడాది ఈ నాడి పేరు అంతగా మోగిపోవడానికి అది ఒక కారణం.

మూర్ఛకు వాడే పద్ధతిలో ఎడమ కంటె ఎముక (కాలర్ బోన్) కింద, చర్మం లోపల బ్యాటరీ పెట్టెను ఉంచి, దాని తీగను మెడలో ఎడమ వేగస్‌కు చుడతారు. కుడి వైపు నాడికి గుండె లయతో దగ్గర సంబంధం ఉంది కనుక ఎడమ వైపును ఎంచుకుంటారు. మామూలుగా అది 30 సెకన్లు పనిచేసి ఐదు నిమిషాలు ఆగుతుంది. పనిచేస్తున్నప్పుడు గొంతు బొంగురుపోవడం, దగ్గు రావడం సాధారణం. మన దేశంలోనూ మూర్ఛకు ఈ ఆపరేషన్లు జరుగుతున్నాయి. ఖర్చు లక్షల్లో ఉంటుంది.

మరి చెవి సంగతి? చెవిలో గుబిలి తీసుకుంటుంటే కొందరికి ఉన్నట్టుండి పొడిదగ్గు వస్తుంది. వేగస్ చిన్న కొమ్మ ఒకటి చెవి చర్మానికి రావడమే అందుకు కారణం. చెవి రంధ్రానికి పైనున్న గుంటలోనో, రంధ్రం ముందుండే చిన్న మృదులాస్థి మొగ్గ మీదో సన్నని విద్యుత్తు ఇస్తే ఆ కొమ్మ ద్వారా మెదడుకు సంకేతం చేరుతుందన్నది చెవి పరికరాల సూత్రం. మెదడు స్కానింగులలో ఇలా సంకేతం చేరిన గుర్తులు కనిపించాయి. అయితే చెవి చర్మానికి వేరే నాడుల కొమ్మలూ వస్తాయి. చెవి మీద ఇచ్చిన విద్యుత్తులో వేగస్‌కు చేరే వాటా ఎంత అన్నది మనిషినిబట్టి మారుతుంది. కత్తిగాటు అవసరం లేదు, ప్రమాదం తక్కువ. గురి కూడా అంతే తక్కువ.

ఒకే నాడి, ఎదురెదురు వాదాలు

నీరసానికీ వేగస్‌కూ ముడిపెట్టినవారు అందరూ ఒకే కారణం చెప్పడం లేదు. వీడియోలు ఈ సంగతిని దాటవేస్తాయి. నాకు మాత్రం మొత్తం వ్యవహారంలో ఇదే ముఖ్యమైన చోటు అనిపిస్తుంది.

మొదటి వాదం దిగే దారి గురించి. 2000లో న్యూయార్క్ పరిశోధకుడు కెవిన్ ట్రేసీ బృందం ఎలుకలకు బాక్టీరియా విషం ఎక్కించి, వాటి వేగస్‌ను విద్యుత్తుతో ఉత్తేజపరిచింది. ఒంట్లో వాపును (ఇన్‌ఫ్లమేషన్‌ను) పెంచే టీఎన్‌ఎఫ్ అనే పదార్థం తగ్గింది. వాపు మితిమీరకుండా వేగస్ అదుపు చేస్తుందని ఆయన ప్రతిపాదించాడు. ఆ పదార్థం చాలావరకు తయారయ్యే ప్లీహానికి వేగస్ నేరుగా చేరదు కనుక ఈ సంకేతం ఏ దారిన వెళుతోందన్నదాని మీద శరీరశాస్త్రజ్ఞుల మధ్య వాదన ఉంది. కీళ్లవాతం పరికరం మాత్రం ఈ ఆలోచన నుంచే పుట్టింది. ఎంఈ-సీఎఫ్‌ఎస్‌లోనూ సన్నగా రగిలే వాపు ఉందని, దాన్ని ఆపాల్సిన వేగస్ మందకొడిగా ఉందని అనుకుంటే, నాడిని తట్టి లేపడం సబబుగానే తోస్తుంది.

రెండో వాదం ఎక్కే దారి గురించి. 2013లో అమెరికా పరిశోధకుడు మైఖేల్ వానెల్జాకర్ ఒక ఊహను ముందుపెట్టాడు. జ్వరం వచ్చినప్పుడు మనకు కలిగే నీరసం, ఒళ్లు నొప్పులు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం సూక్ష్మజీవి చేసే పనులు కావు. "ఒంట్లో జబ్బుంది, పడుకో" అని మెదడు ఇచ్చే ఆజ్ఞ అది. ఆ కబురు మెదడుకు మోసేవాటిలో వేగస్ ఒకటి. ఎలుకల్లో వేగస్‌ను కత్తిరిస్తే ఈ జబ్బు ప్రవర్తన తగ్గినట్టు ప్రయోగాలున్నాయి. ఒకవేళ వైరస్ ఆ నాడి మీదే, లేదా దానికి ఆనుకుని ఎక్కడో చిన్నగా గూడుకట్టుకుంటే? రక్తపరీక్షకు అందని ఆ కొద్ది ఇన్ఫెక్షన్, నాడి తీగ మీదే కూర్చుని రాత్రింబవళ్లు మెదడుకు జబ్బు కబురు పంపుతూనే ఉంటుంది. ఇది ఊహ మాత్రమే, నిర్ధారణ కాలేదు. అయినా పరీక్షలన్నీ మామూలుగా ఉండి మనిషి మాత్రం జ్వరపడ్డట్టు ఉండటం ఎలా సాధ్యమో ఇది వివరిస్తుంది.

ఇప్పుడు రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి వాదం ప్రకారం దిగే దారిలో వాహనాలు చాలడం లేదు, పెంచాలి. రెండో వాదం ప్రకారం ఎక్కే దారిలో అవసరానికి మించి రద్దీ ఉంది, తగ్గించాలి. మెడ దగ్గర విద్యుత్తు ఇవ్వడం అంటే అలిపిరిలో నిలబడి ఈల ఊదడం లాంటిది. ఎక్కేవారికీ దిగేవారికీ అది ఒకేలా వినిపిస్తుంది. చెవి కొమ్మ అయితే మోసేది ఎక్కే సంకేతమే. దాని ప్రభావం దిగే దారికి రావాలంటే మెదడు మధ్యవర్తిత్వం కావాలి. రెండో వాదమే నిజమైతే ఉత్తేజం మేలు చేస్తుందో, ఏమీ చేయదో, కీడు చేస్తుందో ముందుగా ఊహించి చెప్పే దారి లేదు. విద్యుత్తు తగిన మోతాదులో ఆ గోలను సద్దుమణిచి, మెదడుకు వేరే కబురు వినిపించవచ్చని అనేవారూ ఉన్నారు. ఆ మాటలోనూ తర్కం ఉంది.

నిలబడితే గుండె పరుగెత్తేవారు

ఈ రెండు వాదాలకూ పక్కగా, కాస్త గట్టి నేల మీద నడిచే ఆధారం ఒకటుంది. ఎంఈ-సీఎఫ్‌ఎస్ ఉన్నవారిలో, కోవిడ్ తర్వాత కోలుకోనివారిలో కొందరికి పాట్స్ అనే సమస్య ఉంటుంది. పడుకుని లేచి నిలబడిన పది నిమిషాల్లోపు రక్తపోటు పెద్దగా పడిపోకుండానే గుండె నిమిషానికి 30 సార్లకు మించి అదనంగా కొట్టుకుంటుంది. గుండెకు కళ్లెం వేసేది వేగస్ కనుక ఇక్కడ తర్కం సూటిగా ఉంది. 2024లో అమెరికాలోని ఓక్లహోమా పరిశోధకులు 26 మంది పాట్స్ రోగులపై చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. రోజుకు గంట చొప్పున రెండు నెలలు కొందరికి వేగస్ కొమ్మ ఉన్న చోట, మిగిలినవారికి అది లేని చెవి తమ్మె మీద విద్యుత్తు ఇచ్చారు. చివరికి నిలబడినప్పుడు గుండె వేగం పెరుగుదల మొదటివారిలో సగటున సుమారు 18, రెండోవారిలో సుమారు 32. లెక్కించగలిగే కొలతలో వచ్చిన తేడా కనుక దీనికి విలువ ఉంది. కానీ 26 మందే. పైగా పాట్స్ తగ్గినంత మాత్రాన శ్రమానంతర క్షీణత తగ్గుతుందని ఇది చెప్పదు.

నేరుగా కోవిడ్ తర్వాతి నీరసం మీద 2022లో దక్షిణ కరోలినాలో చేసిన తొలి పరీక్షలో ఉన్నది 13 మంది. రోగులు ఇంట్లోనే పరికరాన్ని వాడుకోగలరని, ప్రమాదం తక్కువని అందులో తేలింది. కొంత మెరుగుదల కూడా కనిపించింది. మంచం దిగలేని రోగులకు ఆస్పత్రికి రావడమే జబ్బు పెంచే శ్రమ అవుతుంది. ఇంటి నుంచే పరీక్షలు చేయగలమని తేలడం నా దృష్టిలో ఆ మెరుగుదల అంకెల కన్నా పెద్ద ఫలితం.

ఆపి ఉంచిన పరికరం చెప్పే నిజం

"వాడినవారు బాగుపడ్డారు కదా, ఇంకేం కావాలి?" అని మా వదిన అడిగింది. దానికి కీళ్లవాతం పరీక్షే మంచి సమాధానం. అందులో 242 మంది రోగులు. అందరికీ మెడలో పరికరం అమర్చారు. సగం మందికి రోజుకు ఒక్క నిమిషం పనిచేసేలా పెట్టారు, మిగిలినవారికి ఆపి ఉంచారు. ఎవరిది ఏదో రోగులకు తెలియదు. 12 వారాల తర్వాత పరికరం పనిచేసినవారిలో 35.2 శాతం మందికి చెప్పుకోదగ్గ మెరుగుదల వచ్చింది. ఆపి ఉంచినవారిలోనూ 24.2 శాతం మందికి వచ్చింది.

రెండు గదుల్లో వంద మంది చొప్పున ఉన్నారనుకోండి. మొదటి గదిలో 35 మంది బాగుపడ్డారు. పరికరం ఆపి ఉన్న రెండో గదిలో 24 మంది బాగుపడ్డారు. విద్యుత్తు వల్ల అదనంగా బాగుపడినవారు సుమారు 11 మంది. మొదటి గదిలోని 35 మందీ "ఇది నాకు పనిచేసింది" అని నిజాయితీగానే చెబుతారు. ఎవరూ అబద్ధమాడటం లేదు. కానీ వారిలో 24 మంది ఎలాగైనా బాగుపడేవారే. వీడియోలో కనిపించిన మనిషి ఆ 11 మందిలో ఒకడో, ఈ 24 మందిలో ఒకడో అతనికే తెలియదు.

2024లో కుంగుబాటు మీద దాదాపు 500 మందితో చేసిన పరీక్షలో ఇది ఇంకా కఠినంగా ఎదురైంది. పరికరం పనిచేసినవారు మెరుగయ్యారు, ఆపి ఉంచినవారూ అంతగానే మెరుగయ్యారు. కొన్ని ఇతర కొలతల్లో తేడా ఉన్నా ప్రధాన కొలతలో పరీక్ష నెగ్గలేదు.

ఎంఈ-సీఎఫ్‌ఎస్‌లో ఈ చిక్కు మరీ ఎక్కువ, ఎందుకంటే జబ్బు దానంతటదే పెరిగి తగ్గుతూ ఉంటుంది. మా వదిన రోజుకొక అంకె రాసుకుంటుంది, పూర్తి శక్తికి పది. మామూలు వారాల్లో నాలుగు, చెడ్డ వారంలో రెండు. కొత్త వైద్యం కోసం మనిషి చేయి చాచేది రెండు ఉన్న వారంలోనే. ఏమీ చేయకపోయినా రెండు వారాల్లో అది మళ్లీ నాలుగుకు చేరుతుంది. ఆ మధ్యలో ఏది వాడితే ఆ గొప్ప దానికే పోతుంది, సెలైన్‌కైనా, క్లిప్పుకైనా.

ఆశపడేవారి మాట, అనుమానించేవారి మాట

ఆశపడేవారి వాదన తేలికైనది కాదు. అమెరికాలో కూడా ఈ జబ్బుకు ఆమోదం పొందిన మందు ఒక్కటీ లేదు. చెవి పరికరం ప్రమాదం తక్కువ. శరీరశాస్త్రం ప్రకారం దారి కనిపిస్తోంది. పదేళ్లు పట్టే పెద్ద పరీక్షల కోసం మంచాన ఉన్న మనిషిని ఆగమనడం ఎవరికైనా కష్టమే.

అనుమానించేవారు మోతాదు దగ్గర ఆగుతారు. మూర్ఛకు ప్రతి ఐదు నిమిషాలకూ 30 సెకన్లు, కీళ్లవాతానికి రోజుకు ఒక్క నిమిషం, పాట్స్‌కు చెవి మీద రోజుకు గంట. ఇంత తేడా ఉన్నప్పుడు బజారులో దొరికే పెట్టె ఏ లెక్కన పనిచేస్తోందని వారు అడుగుతారు. చెవి పరీక్షల్లో ఇంకో చిక్కు ఉంది. అసలు విద్యుత్తు ఎవరికి అందుతోందో దాచడం కష్టం, చురుక్కుమంటే రోగికి తెలిసిపోతుంది. అందుకే ఓక్లహోమావారు విద్యుత్తు ఆపకుండా దాని చోటు మార్చారు.

రోగుల్లోనే ఇంకో రకం జంకు ఉంది, దానికి చరిత్ర ఉంది. 2011లో బ్రిటన్‌లో 641 మందితో చేసిన పేస్ పరీక్ష, వ్యాయామం క్రమంగా పెంచుతూ పోతే ఈ జబ్బు తగ్గుతుందని చెప్పింది. ఆ సలహా పాటించి మరింత దిగజారామని వేలమంది రోగులు మొరపెట్టుకున్నారు. కొలతలను మధ్యలో మార్చారని విమర్శలు వచ్చాయి. పరిశోధకులు తమ ఫలితాల మీద నిలబడ్డారు. చివరికి 2021లో బ్రిటన్ వైద్య ప్రమాణాల సంస్థ నైస్, ఆ వ్యాయామ పద్ధతిని చికిత్సగా సూచించకూడదని మార్గదర్శకాలు మార్చింది. "వేగస్‌ను శాంతపరచుకోండి" అనే మాట వినగానే "అంతా మీ మనసులోనే ఉంది" అనే పాత మాటే కొత్త చీర కట్టుకుని వచ్చిందా అని రోగులు ఉలిక్కిపడటం నాకు అర్థమవుతుంది. నాడి శరీర భాగమే, ఊహ కాదు. ఉలికిపాటు కూడా ఊరికే వచ్చింది కాదు.

ప్రయోగాత్మకం అంటే అర్థం

ప్రయోగాత్మక చికిత్స అంటే కొత్త చికిత్స అని కాదు, పనిచేస్తుందో లేదో ఇంకా తేలని చికిత్స అని. మన దేశంలో 2009 జూన్ నుంచి మందుల, పరికరాల పరీక్షలను రోగులను చేర్చుకోకముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయడం తప్పనిసరి. ఆ రిజిస్ట్రీని ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నైతిక మార్గదర్శకాల ప్రకారం పరిశోధన తాలూకు ఖర్చును పాల్గొనేవారి మీద మోపకూడదు. అంటే డబ్బు తీసుకుని క్లిప్పు అమ్మేవారు చేస్తున్నది పరీక్ష కాదు, అమ్మకం. రెంటికీ ప్రయోగాత్మకం అనే మాటే వాడటం వల్ల గందరగోళం పెరుగుతోంది.

ఇదంతా వదినకు రెండు మూడు రోజుల్లో, ఆమె తల బరువెక్కకుండా పావుగంట చొప్పున చెప్పాను. ఘాట్ రోడ్ల పోలిక దగ్గర ఆమె కాసేపు కళ్లు మూసుకుంది. తర్వాత అడిగింది: "అయితే నాది ఎక్కే దారిలో రద్దీనా, దిగే దారి ఖాళీగా ఉండటమా?"

అది చెప్పగలిగే పరీక్ష ఇప్పటికి ఎవరి దగ్గరా లేదని చెప్పాను.